చలి కింద నుంచి వస్తుంది

"మామయ్యా, లంబసింగికి దుప్పట్లు ఎన్ని తేవాలి?" అని మొన్న శీతాకాలంలో మా మేనల్లుడు ఫోను చేశాడు. "మనిషికి రెండు చాలు. ఉన్నివైతే మరీ మంచిది" అన్నాను. ముప్పై ఏళ్ళ బట్టి సర్కారు ఆస్పత్రుల్లో పనిచేస్తున్న డాక్టరు చెప్పిన మాట కదా, వాడు నమ్మాడు. మనిషికి రెండు చొప్పున ఆరు దుప్పట్లు కారులో పడేసుకుని బయలుదేరాం. నా సలహా ఎంత అసంపూర్తిగా ఉందో ఆ రాత్రి రెండున్నరకి తెలిసింది. దుప్పట్ల లెక్క సరిగానే ఉంది. వాటిలో పైన కప్పుకునేవి ఎన్ని, కింద వేసుకునేది ఏది అన్న సంగతి నేను చెప్పలేదు, వాడు అడగలేదు.

వెళ్ళింది ముగ్గురం. నేనూ, మేనల్లుడూ, వాడి నాన్న, అంటే మా బావ. బావకి అరవై నాలుగేళ్ళు. బి.పి., షుగరు రెండూ ఉన్నాయి. రెండింటికీ మందులు వేసుకుంటాడు, రెండింటినీ లెక్కచెయ్యడు.

విశాఖపట్నం నుంచి తాళ్ళపాలెం మీదుగా నర్సీపట్నం చేరితే, అక్కడి నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. డౌనూరు దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. రెండు మలుపులు తిరిగేసరికి చెవులు మూసుకుపోతాయి, నాలుగు మలుపులు తిరిగేసరికి కారు అద్దాలు పైకి లేస్తాయి. ఊరు సముద్ర మట్టానికి 3,000 అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది. చుట్టూ కొండలు. సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు, మధ్య మధ్య పసుపు ఆరబోసినట్టు వలిసె పూల చేలు. ఈ ఊరినే కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. పేరు పెట్టినవాళ్ళు తెలివిగల వాళ్ళు. వచ్చేవాళ్ళకి ముందే చెప్పి ఉంచారు.

ఇక్కడ ఇంత చలి ఎందుకని చాలామంది అడుగుతారు. ఎత్తు ఒక కారణం. కొండెక్కుతూంటే ప్రతి వెయ్యి మీటర్లకి ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. దీనికి తోడు చలికాలం రాత్రుళ్ళు ఆకాశం నిర్మలంగా ఉంటే, పగలు నేల దాచుకున్న వేడంతా తిన్నగా పైకి పోతుంది. చల్లబడ్డ గాలి బరువు కనుక కొండవాలు మీద నుంచి నీళ్ళలాగా జారి పల్లంలో నిలుస్తుంది. కొన్ని ఏళ్ళలో ఇక్కడి ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకి దిగింది కూడా.

ఈ ప్రాంతం నాకు కొత్త కాదు. 1996లో నా మొదటి ఉద్యోగం ఈ కొండల్లోనే, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. అప్పుడిది విశాఖ జిల్లా, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆ రోజుల్లో చలి చూడడానికి ఎవరూ వచ్చేవారు కాదు. చలి ఉన్నవాళ్ళకే ఉండేది. ఇప్పుడు డిసెంబరు, జనవరి నెలల్లో శనివారం సాయంత్రం అయ్యేసరికి రోడ్డు పక్క ఖాళీ జాగాల్లో రంగు రంగుల టెంట్లు లేస్తాయి. తెల్లవారుజామున చెరువులవేనం కొండెక్కి, కాళ్ళ కింద పాల సముద్రంలా పరుచుకున్న మేఘాలని చూడడం కోసం ఈ పాట్లన్నీ. చూడవలసిన దృశ్యమే, కాదనను.

మేం ఒక కాఫీ తోట పక్కన టెంటు అద్దెకి తీసుకున్నాం. లోపల ఇద్దరికి సరిపడే ఫోము పరుపు ఉంది. మూడో మనిషి కోసం మేనల్లుడు తన సరంజామా విప్పాడు. అది క్యాంపింగ్ ఊయల. ఇంగ్లీషులో హ్యామక్ అంటారు. పలుచటి నైలాన్ గుడ్డ, రెండు పట్టీలు. చుట్టితే కొబ్బరికాయంత అవుతుంది. తోట యజమానిని అడిగి, మిరియాల తీగ లేని రెండు చెట్లు చూసి వెడల్పాటి పట్టీలతో కట్టాడు.

"నాకు నడుంనొప్పి. ఊయల నాకే" అన్నాడు బావ.

"బావా, చలి ఎక్కువ. టెంటులో పడుకో" అన్నాను.

"చిన్నప్పుడు నులక మంచం మీద ఆరుబయట పడుకున్నవాణ్ణి. నాకు చెబుతావేమయ్యా డాక్టరూ!" అని మంకీ క్యాప్ పెట్టుకుని, స్వెట్టరు మీద రెండు రగ్గులు కప్పుకుని ఊయలెక్కాడు. నేనూ, మేనల్లుడూ టెంటులో పరుపు మీద పడుకున్నాం.

రెండున్నరకి మెలకువ వచ్చి బయటికి వస్తే ఊయల కదులుతోంది. గాలికి కాదు, బావ వణుకుడికి. టార్చి వేశాను. స్వెట్టరు బొత్తాం పెట్టుకోవాలని చూస్తున్నాడు, వేళ్ళు సాగడం లేదు. "ఏం బావా?" అంటే వచ్చిన జవాబు ముద్దగా ఉంది. షుగరు ఉన్నవాళ్ళు ఇలా వణికి తికమకపడుతూంటే ముందు చూడవలసింది రక్తంలో చక్కెర పడిపోయిందేమోనని. మీటరు నా సంచీలో ఎప్పుడూ ఉంటుంది. 142 చూపింది. అది కాదన్నమాట. థర్మామీటరు చంకలో పెడితే 95.6. చంకలో కొంత తక్కువే చూపుతుంది గాని, ఒంటి లోపలి వేడి 95 కంటే దిగిందంటే దాన్ని హైపోథెర్మియా అంటాం. బావ ఆ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

తలని తడిమాను, వెచ్చగా ఉంది. ఛాతీ మీద రగ్గుల కింద చెయ్యి పెట్టాను, ఫరవాలేదు. ఆయన్ని లేపబోతూ ఊయల కింద చెయ్యి వేశాను. బయటి గాలి అంత చల్లగా ఉంటే, ఆ పలుచటి గుడ్డ మాత్రం నా అరచేతికి గోరువెచ్చగా తగిలింది. బావ ఒంటి వేడి అటు నుంచి కారిపోతోంది. చిల్లుకుండలో నీళ్ళలాగా.

ఇద్దరం పట్టుకుని ఆయన్ని టెంటులోకి తెచ్చాం. మంచుకి చెమ్మగిల్లిన సాక్సులు తీసేసి పొడివి తొడిగాం, కొడుకుని ఆనుకుని పడుకోబెట్టి మొత్తం దుప్పట్లు కప్పాం. మాట తేటపడి, సరిగా మింగగలుగుతున్నాడని చూసుకున్నాక ఫ్లాస్కులో వేడి టీ తాగించాం. అరగంటలో వణుకు తగ్గింది, ముప్పావు గంటకి నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది.

ఈ గొడవకి పక్క టెంటు దగ్గర మంట వేసుకుని కూర్చున్న కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు వచ్చారు. ఒకడు ఊయల చూసి, "కింద మ్యాట్ వెయ్యలేదా అంకుల్?" అన్నాడు. అంతే. ఎం.బి.బి.ఎస్. చదివిన నాకు అర్ధరాత్రి ఇరవై ఏళ్ళ కుర్రాడు అడిగిన ప్రశ్న అది. వాళ్ళ మోటారు సైకిలుకి చుట్టి కట్టుకొచ్చిన ఫోము చాప ఒకటి తెచ్చి ఇచ్చాడు. టెంటులో నా చోటు పోయింది కనుక, ఆ చాప ఊయలలో పరుచుకుని నేను పడుకున్నాను. మిగిలిన దుప్పటి ఒక్కటే. అయినా తెల్లారేదాకా వీపుకి చలి తెలియలేదు.

ఇందులో మంత్రం ఏమీ లేదు. దుప్పటి తనంతట తాను వేడి పుట్టించదు. దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి కదలకుండా ఉండి, మన ఒంటి వేడిని పోనివ్వదు. పైన కప్పుకున్న దుప్పటిలో ఆ గాలి ఉంటుంది. ఒంటి కింద పడ్డ దుప్పటి మన బరువుకి అప్పడంలా అణిగిపోతుంది, గాలి బయటికి పోతుంది. ఖరీదైన స్లీపింగ్ బ్యాగులకి కూడా ఇదే గతి. పైభాగం ఉబ్బి ఉంటుంది, వీపు కింద భాగం నలిగి ఉంటుంది. నేల మీద పడుకుంటే కింద నేల ఒకటే చల్లన. ఊయలలో పడుకుంటే కింద చల్లగాలి ఆగకుండా తిరుగుతూ, వీపు దగ్గర కాస్త వెచ్చబడ్డ గాలిని ఎప్పటికప్పుడు తోసుకుపోతుంది.

ఫోము చాప ఎందుకు పనికొస్తుందంటే, అందులో లెక్కలేనన్ని చిన్న చిన్న గదులుంటాయి. ఒక్కొక్క గదికీ నాలుగు వైపులా గోడలు, లోపల గాలి బందీ. మన బరువుకి అది పూర్తిగా అణగదు, నీళ్ళు పీల్చదు. సోఫాల్లో వాడే స్పాంజి ఈ జాతి కాదు. దాని గదులకి తలుపులు తెరిచి ఉంటాయి. అణుగుతుంది, మంచుకి తడుస్తుంది. తడిసిన వస్తువు పొడి గాలి కంటే ఎన్నో రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది. నీళ్ళకి ఆ గుణం గాలి కంటే సుమారు పాతిక రెట్లు. కొనేముందు ఒక మూల మీద నీటిచుక్క వేసి వేలితో నొక్కి చూడండి. చుక్క ఇంకకుండా జారిపోతే అదే మనకి కావలసింది. టీవీలు, ఫ్రిజ్‌ల చుట్టూ చుట్టి వచ్చే తెల్లటి మెత్తటి ఫోము షీటు కూడా ఈ జాతిదే. రెండు మూడు పొరలు వేస్తే బాగానే పనిచేస్తుంది. దుకాణాల్లో కొన్ని చాపల మీద ఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె పెద్దదైన కొద్దీ చలికి అడ్డు ఎక్కువ. మామూలు ఫోము చాపలకి అది 2 దరిదాపుల్లో ఉంటుంది.

అసలు ఈ ఊయల పుట్టిల్లే వెచ్చటి దేశం. 1492లో కొలంబస్ కరేబియన్ దీవులకి చేరినప్పుడు అక్కడివాళ్ళు ఇలాంటి వల ఊయలల్లో పడుకోవడం చూశాడు. హ్యామక్ అన్న మాట కూడా అక్కడి టైనో ప్రజలదే. ఉక్కపోతలో వీపుకి గాలి తగలాలని, తడి నేలకీ పురుగూ పుట్రకీ దూరంగా ఉండాలని వాళ్ళు చేసుకున్న ఏర్పాటు అది. మన నులక మంచం కూడా వేసవిలో సుఖమిచ్చేది అందుకే. చలికాలం వచ్చేసరికి మన అమ్మమ్మలు ఆ మంచం మీద గడ్డి పరిచి బొంత వేసేవారు. మా బావకి నులక మంచం గుర్తుంది, గడ్డి గుర్తు లేదు.

గుర్తు లేనిది ఆయన ఒక్కడికే కాదు. ఆ తెల్లవారుజామున ఊయలలో పడుకుని నేను ఆలోచించింది మరో ఊయల గురించి.

1997 జనవరి. ఆస్పత్రికి ఒక గిరిజన యువతి మూడు రోజుల బిడ్డని తెచ్చింది. బరువు 1,800 గ్రాములు. ఇంట్లోనే కాన్పు. పాలు సరిగా తాగడం లేదు, అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. చూసి, మందు రాసి, "ఇంకో దుప్పటి కప్పమ్మా" అని చెప్పి పంపేశాను. ఆమె కప్పే ఉంటుంది. దూలానికి కట్టిన పాత చీర ఉయ్యాలలో, తడికల సందుల్లోంచి గాలి కొట్టే గుడిసెలో. మూడో రోజు కబురొచ్చింది, బిడ్డ పోయాడని. చలి ఒక్కటే కారణమని నేను చెప్పలేను. అంత చిన్న బిడ్డకి ఆపదలు చాలా ఉంటాయి. కాని ఆ తల్లిని ఆస్పత్రిలో ఉంచవలసింది. బిడ్డని ఎందులో పడుకోబెడుతున్నావని ఒక్క మాట అడగవలసింది. అడగలేదు.

మరో మూడు వారాలకి అలాంటి బిడ్డే ఇంకొకరు వచ్చారు. ఈసారి పంపలేదు, వార్డులోనే ఉంచాం. తల్లి మంచం కోళ్ళకి చీర కట్టి అందులో బిడ్డని వేసింది. నేను దగ్గరుండి పైన రెండు ఉన్ని గుడ్డలు కప్పించాను. రాత్రి పదకొండింటికి మా ఆయా వచ్చి తలుపు కొట్టింది.

"బాబూ, ఓపాలి ఇలాగొచ్చి, ఉయ్యాల కింద సెయ్యెట్టి సూడు."

పెట్టాను. గుడ్డ తడిసి ఉంది. గచ్చు మీద నుంచి వచ్చే గాలికి ఐసులా ఉంది. ఆ పైనే బిడ్డ వీపు.

"పైన ఎన్ని కప్పితే ఏటి బాబూ? సలి కింద నుంచి కదా వత్తాది" అంది.

నా జవాబు కోసం ఆగలేదు. బిడ్డని తీసి తుడిచి, తల్లి రవిక లోపల గుండెకి ఆనించి, చీరతో చుట్టి కట్టేసింది. తల్లి పడుకునే చోట గోనె పట్టాలు, వాటి మీద బొంత పరిచింది. బిడ్డ తలకి గుడ్డ చుట్టింది. తెల్లారేసరికి బిడ్డ అరికాళ్ళు వెచ్చబడ్డాయి. నెల తిరిగేసరికి రెండు కిలోలు దాటి ఇంటికి వెళ్ళింది. ఆ ఆయాకి సంతకం పెట్టడం రాదు. జీతం పుస్తకంలో వేలిముద్ర వేసేది.

దీన్నే ఇప్పుడు కంగారూ సంరక్షణ అంటున్నాం. 1970ల చివర్లో కొలంబియా దేశంలోని బొగొటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి. నెలలు నిండని, బరువు తక్కువ పిల్లలకి పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. పసిబిడ్డ ఒంటి వేడి 97.7 కంటే తగ్గకూడదు. చిన్న పిల్లలున్న ఇళ్ళవారు ఒక మాట గుర్తుంచుకోండి. చలి రాత్రుళ్ళు తక్కువ బరువు బిడ్డని గుడ్డ ఉయ్యాలలో వదిలెయ్యకండి. అలాగని పైన చెప్పిన ఫోము తెచ్చి బిడ్డ కింద మెత్తగా కుక్కకండి, ఊపిరాడదు. బిడ్డకి తల్లి ఒళ్ళే పరుపు. తల్లికి ఒంట్లో బాగా లేకపోతే తండ్రి ఒళ్ళు, అమ్మమ్మ ఒళ్ళు.

ఇహ, ఊయల మోజున్న పెద్దవాళ్ళ సంగతి. ఊయలలో చాప ఒకచోట నిలవదు. రాత్రంతా మనం ఒకవైపు, అది మరొకవైపు. రెండు పొరల గుడ్డ ఉన్న ఊయలైతే ఆ పొరల మధ్య దూర్చాలి. ఒక పొరదే అయితే స్లీపింగ్ బ్యాగు లోపల, వీపు కింద పెట్టుకోవాలి. ఊయల గుడ్డ మనిషిని రెండు పక్కలా చుట్టుకుంటుంది కనుక భుజాలకి కూడా చల్లగాలి తగులుతుంది. నాకు ఆ రాత్రి చలి తెలిసింది అక్కడే. ఇంకో చిన్న ముక్క కోసి, భుజాల దగ్గర అడ్డంగా వేస్తే ఆ బాధ ఉండదు. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే గుచ్చుకోవు. ఊయలని తాడు బిగించినట్టు కాకుండా కొంచెం వేలాడేలా కట్టి, ఐమూలగా పడుకుంటే నడుం తిన్నగా ఉంటుంది, చాప కూడా మడత పడదు. ఫోములోంచి చెమట ఆవిరి పోదు. మధ్యలో నూలు దుప్పటి ఒకటి వేసుకోకపోతే తెల్లారేసరికి వీపు తడుస్తుంది, తడిస్తే మళ్ళీ చలి. ఊయలకి కింద వేలాడదీసే బొంతలు కూడా దొరుకుతున్నాయి. మన బరువు వాటి మీద పడదు కనుక అణగవు. మంచివే, కాని ధర ఎక్కువ.

ఫోము ఇట్టే అంటుకుంటుంది. నెగడికి దూరంగా కట్టుకోండి. చలి వేస్తోందని టెంటులోకి బొగ్గుల కుంపటి తెచ్చుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వికారం అనిపిస్తే వెంటనే అందరూ బయటికి రావాలి. మందు తాగితే చలి ఆగుతుందనే వాళ్ళు ప్రతి టెంటులోనూ ఒకరుంటారు. మద్యం చర్మం కింది రక్తనాళాలని విప్పారేలా చేస్తుంది. అందుకే వెచ్చగా అనిపిస్తుంది. ఆ వెచ్చదనం లోపలి వేడి బయటికి పోతున్నప్పటిది. తర్వాత ఒంటికి మిగిలేది చలే.

గుండెజబ్బు, బి.పి., ఉబ్బసం, థైరాయిడ్ లోపం ఉన్నవాళ్ళూ, అరవై దాటినవాళ్ళూ చలికాలంలో ఇలాంటి చోట గదిలో పడుకోవడమే మేలు. చలికి రక్తనాళాలు బిగుసుకుని బి.పి. పెరుగుతుంది. షుగరు వల్ల కాళ్ళు తిమ్మిరెక్కిన వాళ్ళు వేడినీళ్ళ సీసాలు పాదాలకి ఆనించుకోవద్దు. కాలినా తెలియదు. వణుకుతున్న మనిషి మాట ముద్దపడినా, నడక తూలినా, లేక వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయినా ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోను చెయ్యండి. ఈలోగా తడిబట్టలు తీసి, పొడివి తొడిగి, ముందు కింద దళసరిగా ఏదైనా వేసి, ఆ తర్వాత పైన కప్పండి. చేతులూ కాళ్ళూ గట్టిగా రుద్దకండి.

పొద్దున్నే బావ మామూలు మనిషై కాఫీ అడిగాడు. చెరువులవేనం కొండ ఎక్కనివ్వలేదు. ఆ కోపంతో నర్సీపట్నం దిగేదాకా నాతో మాట్లాడలేదు. అక్కడ ఒక కొట్టు ముందు కారు ఆపించి, లోపలికి వెళ్ళి, చంకలో ఫోము చాప ఒకటి చుట్ట చుట్టుకుని వచ్చాడు. "ఇంటి వసారాలో నులక మంచం మీదికిలే" అన్నాడు.